వైద్యము, యుద్ధనష్టముల లెక్క

యుద్ధనష్టములనగానే మనకు మృతుల సంఖ్య స్ఫురించును. సేనానుల లెక్క వేరు. వారి దృష్టిలో మరణించినవాడును, ఆసుపత్రిలో మంచము పట్టినవాడును ఒకే పద్దు క్రిందికి వత్తురు. ఇరువురును ఆనాటి పోరునకు పనికిరానివారే. ఈ సంగతి గుర్తించినగాని విషవాయువులు, రోగక్రిములు, అణ్వస్త్రములు కలిగించు నష్టముల అంచనాలు మనకు బోధపడవు.

మొదటి ప్రపంచ సంగ్రామమునే తీసికొందము. 1917 జులైలో జర్మనులు బెల్జియములోని ఈప్ర్ వద్ద మస్టర్డ్ గ్యాసును తొలిసారి ప్రయోగించిరి. ఆ యుద్ధమున విషవాయువుల బారినపడి ఆసుపత్రులు చేరిన అమెరికను సైనికులు సుమారు 70,000 మంది. వారిలో మరణించినవారు నూటికి ఇద్దరు మాత్రమే. తక్కినవారు బ్రదికిరి; కాని కండ్లు మండి, చర్మము బొబ్బలెక్కి, వారముల తరబడి పడకలపై నుండినవారనేకులు. వారికి పరిచారకులు, మందులు, బండ్లు కావలసివచ్చెను. ప్రాణము దక్కినంతమాత్రమున సైన్యముపై భారము తీరదు.

రోగక్రిముల విషయమున కాలమే ప్రధానము. 2001లో అమెరికాలో కొందరికి ఆంథ్రాక్స్ క్రిములు గల ఉత్తరములు తపాలాలో వచ్చినవి. మన పల్లెలలో పశువులకు సోకు దొమ్మరోగమే ఇది. ఊపిరితిత్తులకు వ్యాధి సోకినవారు 11 మంది. మరణించినవారు 5 గురు. అంతకు పూర్వము ఆ దేశమున ఈ రూపమున వచ్చిన వ్యాధి ఇంచుమించు పదింట తొమ్మిదిమందిని బలిగొనెడిది. బ్రదికిన ఆరుగురికిని వ్యాధి తొలిదశలోనే మందు అందినది. కావున క్రిమి అదే అయినను, మందు ఆలస్యమైనచో లెక్క తారుమారగును.

వైద్యమునకు హద్దులును కలవు. 1986 నాటి చెర్నోబిల్ ఉదంతము ప్రమాదమే గాని యుద్ధము కాదు. అయినను పాఠము నేర్పినది. రేడియేషన్ వలన తీవ్రముగా జబ్బుపడినవారు 134 మంది. వారిలో 28 మంది ఆ యేడే మరణించిరి. అత్యధిక మోతాదు సోకిన 21 మందిలో 20 మంది పోయిరి. మధ్యరకపు మోతాదు సోకిన 50 మందిలో ఒక్కడే పోయెను. రోగులలో పెక్కుమందిని మాస్కోలోని ప్రత్యేక ఆసుపత్రికి చేర్చి, నిపుణులు రేయింబవళ్లు శుశ్రూష చేసిరి.

రోగులు వందలుగాక వేలైనచో? 1945 ఆగస్టు 6న హిరోషిమాలో వైద్యులలోను, నర్సులలోను అధికభాగము తామే హతులో, క్షతగాత్రులో అయిరి. చికిత్స చేయవలసిన చేతులే లేకపోయినవి.

అంచనా వేయువారు ‘చికిత్స లభించును’ అని ఒక్క వాక్యము వ్రాసినచో, కాగితముపై వేలమంది మరణపు పద్దునుండి తప్పుకొందురు. ఆ వాక్యము వెనుక నిజముగా ఎన్ని మంచములు, ఎన్ని మందులు, ఎందరు వైద్యులు కలరో ముందుగా అడుగవలెను. అడుగకపోయినచో ఆ లెక్కలో తక్కువైన ప్రతి అంకెయు ఒక మనుష్యుని ప్రాణమగును. ఇట్టి అంకెలు చూపి ఈ ఆయుధములు సహింపదగినవని ఎవరైన చెప్పినచో, మనము వెంటనే నమ్మరాదని మా మనవి.