వాలీబాల్ కోర్టు: కొలతలు, అమరిక

రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి ఉన్నచో వాలీబాల్ ఆటకు మరి పెద్ద ఖర్చు లేదు. ఆ సులువే ఒక్కొక్కప్పుడు ముప్పు తెస్తున్నది. నేనొక పల్లెలో చూచిన కోర్టుకు గీతలకు బదులు ఇటుకలు పాతి ఉన్నవి. వెనుక గీతకు రెండు గజాల దూరంలో గోడ. బంతికోసం వెనుకకు పరుగెత్తిన కుర్రవాడొకడు ఇటుక తట్టుకొని ఆ గోడకు గుద్దుకొన్నాడు. మణికట్టు విరిగినది. నాటినుండి ఏ కోర్టును చూచినా నా దృష్టి ముందుగా గీతల వెలుపలి నేలమీదికే పోతున్నది.

1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో విలియం మోర్గాన్ ఈ ఆటను రూపొందించిన నాడు కోర్టు 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. నేటి అంతర్జాతీయ నియమాలలో అది 18 మీటర్లు, 9 మీటర్లు. ఈ కొలత గీతల వెలుపలి అంచువరకు. అనగా 5 సెంటీమీటర్ల వెడల్పుగల గీత కూడ కోర్టులోనిదే. గీతను తాకిన బంతి లోపల పడినట్లే. ఎన్ని తగవులో ఈ ఒక్క మాట తెలియక!

ఇక నాలుగు ప్రక్కల కనీసం 3 మీటర్ల ఖాళీ నేల, పైన 7 మీటర్లవరకు ఏ అడ్డూ లేని ఆకాశం ఉండవలె. కనుక మనకు కావలసిన స్థలం 24 మీటర్లు, 15 మీటర్లు. వేపకొమ్మ వంగియున్న చోటు నీడకు మంచిదేకాని ఆటకు పనికిరాదు.

గీయునప్పుడు మూలలు నిక్కంగా రావడమే కష్టం. ఇంటి పునాదికి మేస్త్రీలు చేయు ఉపాయమే ఇక్కడను చెల్లును. మూలనుండి ఒక త్రాటిపై 3 మీటర్లు, రెండవదానిపై 4 మీటర్లు గుర్తించి, ఆ గుర్తుల నడుమ సరిగా 5 మీటర్లు వచ్చునట్లు జరుపవలె. నాలుగు మేకులు దిగిన పిమ్మట ఎదురెదురు మూలలను కొలువుడు. రెండు కర్ణాలును 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావలె. భుజాలు సరిపోయినా కర్ణాలు సమానం కాకున్నచో కోర్టు ఒరిగినదన్నమాట. గీతలకు ముగ్గుపిండి చాలును. ఇటుక, కర్ర, రాయి వంటి గట్టి వస్తువులతో గీతలు కూర్చుటను నియమాలే నిషేధించినవి.

నడిగీత కోర్టును రెండు చదరాలుగా విభజించును. దాని మధ్యనుండి ఇరువైపుల 3 మీటర్లకు దాడి గీత. గుంజలు ప్రక్కగీతలకు అరమీటరునుండి మీటరు దూరంలో వెలుపల నిలుచును; వాటిని నేలకు తీగలతో లాగి కట్టరాదు. వల పై అంచు పురుషులకు 2 మీటర్ల 43 సెంటీమీటర్లు, స్త్రీలకు 2 మీటర్ల 24. ఈ ఎత్తును నడుమ కొలువవలె. ప్రక్కగీతలపైన రెండు కొసలును సమానంగా ఉండి, నియమిత ఎత్తుకంటె 2 సెంటీమీటర్లకు మించరాదు. గుంజవద్ద కొలిచి తృప్తిపడువారి వల నడుమ జారియుండును. ఆరుబయట కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉన్నచో సాయంకాలపు ఎండ కంటికి ఎదురురాదు.

స్థలం చాలకున్నచో ఏమి చేయవలెనని కొందరు ఉపాధ్యాయులు అడుగుచుందురు. నా అభిప్రాయంలో తగ్గించవలసినది కోర్టునే, చుట్టునున్న ఖాళీని కాదు. అట్టి కోర్టు పోటీలకు చెల్లదు. పిల్లల సాయంకాలపు ఆటకు చాలును.