మన పేరు ఎవరు రాస్తారు?

(సికింద్రాబాద్‌లో ఆదివాసీ యువతతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఆదిలాబాద్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడ దిగినవాళ్లే. స్టేషన్ బోర్డు మీద తెలుగు ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. గోండి కనబడిందా? కోయ? కొలామీ? ఏది జాతి, ఏది కాదు అని తేల్చేది ఎవరు? పీడితుల పక్షమని చెప్పుకున్న కమ్యూనిస్టు రాజ్యాలు దీన్ని ఎట్లా తేల్చాయో ఇవాళ చూద్దాం. మన పక్కన నిలబడి ప్రాణాలిచ్చిన కమ్యూనిస్టులు ఉన్నారు. ఆ గౌరవం ఉంచుకునే అడుగుదాం.

ముందు రష్యా సంగతి. 1913లో స్టాలిన్ జాతికి నిర్వచనం రాశాడు. ఉమ్మడి భాష, ఉమ్మడి భూభాగం, ఉమ్మడి ఆర్థిక జీవనం, సంస్కృతిలో కనబడే ఉమ్మడి మనస్తత్వం. నాలుగూ ఉంటేనే జాతి, ఒక్కటి తగ్గినా కాదు. విప్లవం తర్వాత 1920లలో సోవియట్ ప్రభుత్వం మంచి పని చేసింది. లిపి లేని చిన్న భాషలకు లాటిన్ అక్షరాలతో లిపులు తయారుచేసింది, బడులు పెట్టింది, పుస్తకాలు అచ్చేసింది. కానీ 1930ల చివర్లో ఆ లిపులు తీసేసి రష్యన్ అక్షరాలు పెట్టారు. 1938లో అన్ని బడుల్లో రష్యన్ తప్పనిసరి చేశారు. 1944 ఫిబ్రవరిలో చెచెన్, ఇంగుష్ ప్రజలను పిల్లాజెల్లాతో సహా రైళ్లెక్కించి మధ్య ఆసియాకు తరలించారు. వాళ్ల రిపబ్లిక్‌నే రద్దు చేశారు. పేరు పెట్టిన చెయ్యే పేరు చెరిపేసింది.

ఇక చైనా. 1953 జనాభా లెక్కల్లో మీరెవరని అడిగితే జనం 400కు పైగా జాతుల పేర్లు చెప్పారు. ప్రభుత్వం పండితులను పంపి ఆ పేర్లను వడపోసింది. 1979లో జినోలను చేర్చాక జాబితా 56 దగ్గర ఆగిపోయింది. మోసువో అనే ప్రజలున్నారు. యున్నాన్ రాష్ట్రంలో వాళ్లను నాశీలుగా రాశారు, పక్కనే సిచువాన్‌లో మంగోలులుగా రాశారు. నవ్వొస్తోందా? ఆగండి, మన కథా అదే.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. గోండు టీచర్లను తయారుచేసే కేంద్రం 1943లో మార్లవాయిలో మొదలైంది. గోండి వాచకాలు వచ్చాయి. భీంను చంపిన సర్కారే ఆ పని చేయాల్సి వచ్చింది.

1946లో పుచ్చలపల్లి సుందరయ్య గారు ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. నిజాం పోవాలి, దున్నేవాడికి భూమి రావాలి, తెలుగువాళ్లంతా ఒక్క రాష్ట్రం కావాలి. మొదటి రెండూ మనకూ కావలసినవే. సాయుధ పోరాటంలో గోదావరి అడవుల కోయ పల్లెలు దళాలను కడుపులో పెట్టుకున్నాయి. మరి మూడోదాంట్లో కోయ ఎక్కడ, గోండు ఎక్కడ?

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా ప్రాంతాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. బస్తర్ అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఒక్క భాష మాట్లాడే గోండు పిల్లలు ఉట్నూరు బడిలో తెలుగు, కిన్వట్‌లో మరాఠీ, బస్తర్‌లో హిందీ నేర్చుకోవాల్సి వచ్చింది. గీత గీసింది ఢిల్లీలోని కాంగ్రెస్ ప్రభుత్వమే, కమ్యూనిస్టులు కాదు. కానీ ఇద్దరూ పట్టుకున్న కొలబద్ద ఒక్కటే, పెద్ద భాష. ఆ కొలతలో మనం మూడు ముక్కలయ్యాం.

తర్వాత కూడా చూడండి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగిన నాటి సభ గిరిజన రైతుకూలీ సంఘానిది. ఆ సంఘం మన భూమి కోసం నిలబడింది, మరిచిపోలేం. కానీ ఆ పేరు మళ్లీ చదవండి. గిరిజనుడు ఉన్నాడు, రైతు ఉన్నాడు, కూలీ ఉన్నాడు. గోండు లేడు. ఆకలి తీరితే గుర్తింపు దానంతటదే వస్తుందని అనుకున్నారు. రాలేదు.

నేను చెప్పేది ఇంతే. ఎంత మంచి రాజ్యమైనా పైనుంచి ఇచ్చిన పేరు పైనుంచే పోతుంది. మనం పట్టుకున్న పేరు నిలుస్తుంది. గుంజాలలో గోండులు తమ లిపి రాతప్రతులను ఇళ్లల్లో దాచుకున్నారు కాబట్టే ఆ లిపి 2018లో యూనికోడ్‌కు ఎక్కింది. సంతాలీలు, బోడోలు కొట్లాడారు, 2003లో ఎనిమిదో షెడ్యూల్లో చేరారు. 2011 లెక్కల ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండి ఇంకా చేరలేదు.

రేపు జనగణన వాళ్లు మీ గూడేనికి వస్తారు. ‘మాతృభాష’ దగ్గర, అడగకుండానే తెలుగు అని రాసేస్తారేమో చూసుకోండి. అమ్మ పక్కన కూర్చోండి. అమ్మ ఏ భాషలో లాలి పాడిందో ఆ పేరే చెప్పించండి, రాసేదాకా లేవకండి.

జోహార్! జై ఆదివాసీ!