ఇంట చేసిన హవాయి గిటారు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ ఉత్సవమున ఏదేని ఒక ప్రబంధమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మనుచరిత్రమనియు, వసుచరిత్రమనియు ఏటేట ఇచటినుండియే మీ ఓర్పును పరీక్షించినవాడను కనుక ఈసారికి వేరొక విషయమునకు సెలవు పుచ్చుకొంటిని. ఈ బల్లమీద మీరు చూచుచున్న పనసచెక్కయే ఆ విషయము. దీనికి ఆరు తంత్రులు కలవు. కుండ లేదు, మెట్లు లేవు. సభకు ముందు దీనిని చూచిన ఒక అమ్మగారు చపాతీలు వత్తు పీటయా యని అడిగిరి. ఇది విద్యుచ్ఛక్తితో పలుకు హవాయి గిటారు. తొడలపై పరుండబెట్టి, తంత్రులమీద ఉక్కుకడ్డీని జరపుచు దీనిని వాయింపవలెను. మా ఇంటి వసారాలో నేనును మా తమ్ముడును కలసి చేసితిమి.

నేను సంగీతము నేర్చినవాడను కాను. విద్యుత్తు పని అంతకంటెను తెలియదు. మా నాయనగారు కరణము. 1984లో ఆ పదవులు రద్దయినవి గాని లెక్కలు మా ఇంటిని విడువలేదు. నేటికిని నేను పరపతి సంఘపు చిట్టాలు వ్రాయుచునే యున్నాను. నాకు తెలిసిన నాలుగు కావ్యములును ఈ గ్రంథాలయపు బీరువాలయందు, గురువు లేకుండ, నిఘంటువును ప్రక్కనుంచుకొని చదివినవే.

మా తమ్ముడు బాల్యమునుండి వీణ సాధన చేసినవాడు. ఆరేండ్ల క్రిందట ఒక కార్ఖానాలో యంత్రపు బెల్టులో ఎడమచేయి చిక్కి చూపుడువ్రేలును నడిమివ్రేలును మొదటి కణుపు వరకు పోయినవి. వీణియ తెలిసినవారికి నేను వేరుగ చెప్పనక్కరలేదు. మెట్టుపై తంత్రిని నొక్కునవియు, ప్రక్కకు లాగి గమకమును పలికించునవియు ఆ రెండు వ్రేళ్లే. మా నాయనగారు నూజివీడునుండి తెప్పించిన వీణకు వాడు దుప్పటి కప్పి మూల నుంచినాడు. అమ్మనీయడు, ఇతరులను తాకనీయడు. సరస్వతీపూజనాడు మాత్రము దుప్పటి తీసి కుంకుమ పెట్టి మరల కప్పుచుండెను. ఇంటిలో ఎవరును ఆ మాట ఎత్తెడివారము కాము.

ఇట్లుండగా మూడేండ్ల క్రిందట సంగీతశాస్త్ర చరిత్రమును తిరుగవేయుచు ఒక చోట ఆగిపోయితిని. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల యాస్థానములో నున్న శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున ఏకతంత్రి యను వీణను వర్ణించినాడు. దానికి మెట్లు లేవు. ఎడమచేత కమ్రిక యను వెదురుముక్కను పట్టి తంత్రిపై జరపి స్వరములను పుట్టింతురట. వ్రేలితో నొక్కు పని లేదన్నమాట! ఆ పుటలో గుర్తుగా ఒక బస్సు టిక్కెట్టు నుంచి ఇంటికి వచ్చితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పద్ధతి మన దక్షిణదేశమున నశింపలేదు. గోటువాద్యమనునది అదియే. తిరువిడైమరుదూరు సఖారామారావుగారు దానికి కీర్తి తెచ్చిరి. తరువాత బూదలూరు కృష్ణమూర్తిశాస్త్రిగారు వాయించిరి. ఈ కాలమున రవికిరణ్ గారు చిత్రవీణ యను పేరుతో ఇరువదియొక్క తంత్రుల వాద్యమును దేశదేశముల వినిపించిరి. ఇక సముద్రముల కావల, హవాయి దీవులయందు, పందొమ్మిదవ శతాబ్దపు చివర జోసెఫ్ కెకుకు అను బాలుడు గిటారును ఒడిలో పరుండబెట్టి ఉక్కుముక్కతో వాయించు పద్ధతిని నెలకొల్పెనని చెప్పుదురు. ఆ విద్య మన దేశమునుండియే అచటికి పోయినదని వాదించువారును కలరు. నాకు ఆ వ్యాజ్యముతో పనిలేదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన మహాప్రదర్శనముతో ఆ వాద్యము అమెరికా అంతటను వ్యాపించెను. అయితే దాని నాదము కడు మృదువు. బాకాలు, డప్పులు కల మేళములో అది వినబడక పోయెడిది. అందుచేత జార్జి బోషాం అను వాద్యకారుడు 1931లో అయస్కాంతమును తీగచుట్టను కూర్చి తంత్రుల కంపనమును విద్యుత్తుగా మార్చు ఉపాయమును కనుగొనెను. మరుసటి యేడు రికెన్‌బాకర్ సంస్థవారు దానిని అమ్మకమునకు తెచ్చిరి. గుండ్రని చిన్న అల్యూమినియపు శరీరము, పొడవైన మెడ కలిగియుండుటచే జనులు దానిని పెనమని పిలిచిరి. చూడుడు! నేడు లోకమును హోరెత్తించుచున్న విద్యుద్గిటారులన్నిటికిని మూలపురుషుడు ఒడిలో పరుండు ఈ సాధువాద్యమే.

నేను ఈ కథయంతయు చెప్పగా మా తమ్ముడు, “సినిమా వాద్యము నాకెందుకన్నయ్యా?” అని లేచి పోయెను. నేను బదులు పలుకలేదు. మన జిల్లాల బిడ్డడే, పాలకొల్లు శ్రీనివాస్ గారు, పాశ్చాత్యుల మాండొలిన్‌ను విద్యుద్వాద్యముగ మార్చుకొని దానిపై త్యాగరాజస్వామివారిని పలికించినప్పుడు ముక్కుమీద వ్రేలు వేసికొనని వారెవరు? 1967లో బ్రిజ్ భూషణ్ కాబ్రాగారు ఇట్టి గిటారుపైననే హిందూస్థానీ రాగములను వాయించి రికార్డు వెలువరింపలేదా? ఈ జవాబులన్నియు వాడు వెళ్లిన తరువాత తోచినవి. మరునాడు చెక్క కొనుటకు పోయితిని.

మన పటమటలో పాత పెంకుటిండ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టుచున్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆ ఇండ్ల కలప చేరు ఒక అడితిలో పనసదూలపు ముక్క దొరకెను. పొడవు 80 సెంటీమీటర్లు, వెడల్పు 18, మందము 4. వీణకైనచో లోపల తొలిచి కుండ చేయవలెను. దీనికి ఆ శ్రమ లేదు. ఇందలి అయస్కాంతము చెక్కను వినదు, ఉక్కుతంత్రినే వినును. చెక్క వంగకుండిన చాలును. ఆరు తంత్రులును కలసి ముప్పది నలుబది కిలోల బలముతో దానిని లాగుచుండును. మేరువునకు బదులుగా ఇనుప యాంగిల్ ముక్క నుంచితిమి. గుర్రము కూడ అట్టిదే. తంత్రులు చెక్కకు సెంటీమీటరు ఎత్తున నుండవలెను, లేనిచో కడ్డీ క్రింద ఒరయును. బిరడలు మాత్రము గిటారువి కొంటిమి.

ఇక తీగచుట్ట. దీనికి కావలసిన ఎనామిలు పూసిన రాగితీగ 46 గేజిది, వెంట్రుకవంటిది. పొలముల మోటార్లకు చుట్టు తీగ దీని ముందర మోకువలె నుండును. గవర్నరుపేట దుకాణములన్నియు తిరుగగా ఒకచోట దొరకెను. బీరువా తలుపునకు వేయు అయస్కాంతమును అడుగున నుంచి, ఆరు తంత్రుల క్రింద ఆరు ఇనుప మరలను నిలిపి, వానిచుట్టును 7,500 చుట్లు చుట్టవలెను. తంత్రి కదలినప్పుడు అయస్కాంత క్షేత్రమును కదల్చును. ఆ కదలికచే తీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యంత్రము పెద్దది చేసి వినిపించును. మైకుసెట్టు వారికి తెలిసినదే.

ఈ చుట్టుటలో నా వృత్తి అక్కరకు వచ్చినది. వడ్రంగి చేతిడ్రిల్లు పిడి ఒకమారు త్రిప్పిన ముక్కు నాలుగుమార్లు తిరుగును. ఇరువదియైదు త్రిప్పులకు నూరుచుట్లు, నూరుచుట్లకు ఒక చింతగింజ. డెబ్బదియైదు గింజలు గిన్నెలో పడవలెను. ఏబది రెండవ గింజ వేయబోవుచుండగా తీగ తెగినది! అట్టముక్క అంచున కంటికి కనబడని గరుకు ఒకటి యుండెను. మొత్తము విప్పి పారవేసి, అంచులను గరుకు కాగితముతో రుద్ది, మైనము పూసి మరల మొదలుపెట్టితిని. అంతవరకు దూరముగ కూర్చుండి చూచుచున్న మా తమ్ముడు లేచి వచ్చి, “తీగ నేను పట్టెదను, నీవు త్రిప్పుము” అనెను. తెగిన వ్రేళ్ల కొనల చర్మము మిక్కిలి సుకుమారమట. తీగ బిగిసినను సడలినను దానికి ముందుగ తెలియునట. ఆ కొనల నడుమనుండి తీగను వదలుచు వాడు కూర్చుండెను. రెండవమారు తెగలేదు. లెక్క కట్టగా ఆ పిడికెడు చుట్టలో కిలోమీటరునకు మించిన తీగ కలదు; తూకము ముప్పది గ్రాములు! మీటరు పెట్టగా ఆరువేల ఆరువందల ఓములు చూపెను.

కడ్డీకొరకు ఆటోనగరునకు పోయితిమి. అచటి మేస్త్రీ మా తమ్ముని చేయి చూచి మొదట మాటాడలేదు. పిమ్మట పాత డబ్బాలో చేయిపెట్టి ఒక లారీ పిస్టన్ పిన్ను తీసెను. “పంతులుగారూ, దీనికంటె నున్నని ఉక్కు మీకెక్కడను దొరకదు” అనెను. అది కడు బరువు. జీపు ఇంజనుది ఇంకొకటి తీసి యిచ్చెను. వ్రేలిమందము, మూడంగుళముల పొడవు, అద్దమువంటి నునుపు. దానిని మా తమ్ముడు బొటనవ్రేలికిని మిగిలిన కణుపులకును నడుమ పట్టి, ఉంగరపువ్రేలిని చిటికెనవ్రేలిని వెనుక తంత్రులపై ఆనించెను. ఆ రెండు వ్రేళ్లు వెనుక ఆనియుండనిచో కడ్డీకి అవతలి తంత్రిభాగము కూడ మ్రోగి గోల పుట్టును. మేస్త్రీ డబ్బు పుచ్చుకొనలేదు.

ఈ వాద్యమునకు మెట్లు లేకున్నను వాని స్థానములు తెలియుటకు గీతలుండవలెను. ఈ పని నాది. మేరువునుండి గుర్రమునకు దూరము 600 మిల్లీమీటర్లు. పాశ్చాత్యుల పద్ధతిని స్థాయిని పండ్రెండు సమభాగములు చేయవలెను. ఈ గ్రంథాలయపు లాగరితముల పట్టిక తీసి, రెండు యొక్క లాగరితమును పండ్రెండింట భాగించి, ఇదిగో ఆ కిటికీ ప్రక్క బల్లమీదనే లెక్క కట్టితిని. మొదటి గీత 33.7 మిల్లీమీటర్ల వద్ద, పంచమము 199.55 వద్ద, తారషడ్జము సరిగా నడుమ 300 వద్ద. నల్లసిరాతో గీతలు గీచి, వార్నిషు పూసి, గర్వముతో వాని ముందుంచితిని. నాలుగు తంత్రులను వీణవలె సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రములుగ శ్రుతిచేసి, తక్కిన రెంటిని తాళమునకు విడిచెను.

మొదటి రాత్రి వాద్యము పలుకుటకు ముందు గుయ్యిమని తుమ్మెద రొద చేసెను. తంత్రిని తాకిన తగ్గును, విడిచిన హెచ్చును. తీగచుట్టకు రాగిరేకు చుట్టి, గుర్రమును భూమితీగతో కలుపగా చాలవరకు అణగెను. పిల్లలెవరైన ఇట్టి పనికి పూనుకొందురేమో, ఒక మాట. భూమితీగ లేని పాత రెండుముళ్ల యంత్రములకు దీనిని ఎన్నడును తగిలింపకుడు. తంత్రులలోనికే కరెంటు రావచ్చును, అది ప్రాణాంతకము.

రొద అణగిన పిమ్మట వాడు కళ్యాణి ఎత్తుకొనెను. షడ్జము నిలిచెను, పంచమము నిలిచెను. గాంధారము వద్ద కడ్డీ నా గీతమీద నిలువక మేరువు వైపునకే ఆగుచుండెను. నాలుగైదు మార్లు చూచి, “గీత మీదికి రమ్ము” అంటిని. “అన్నయ్యా, నీ గీత దగ్గర గాంధారము పలుకుట లేదు” అనెను. సంఘపు చిట్టాలో ముప్పది యేండ్లుగ కాని తప్పిపోని నాకు ఆ మాట ములుకువలె తగిలెను. రాత్రి పండ్రెండు గంటలకు మరల లెక్క వేసితిని, తప్పు లేదు. నాలుగవ గీత 123.8 వద్ద నుండవలెను, ఉన్నది. వాని కడ్డీ ఆగినచోటు కొలువగా 120. ఆరువందలలో సరిగా అయిదవపాలు! స్వయంసిద్ధమైన గాంధారము తంత్రిని అయిదు భాగములు చేసి నాలుగింటిని మ్రోగించినప్పుడు పుట్టును. పాశ్చాత్యులు అన్ని శ్రుతులలోను వాయించుకొను సౌకర్యమునకై దానిని నాలుగు మిల్లీమీటర్లు జరిపిరి. పంచమమున భేదము అర మిల్లీమీటరైనను లేదు గనుక తెలియలేదు. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధియందు వీణపై మెట్ల స్థానములను గూర్చి ఎంతయో చర్చించినది ఎందుకో నాకు ఆనాటికి బోధపడెను. ఆ పుస్తకమును అంతకుముందు రెండుమార్లు చదివియుంటిని సుమా! నూజివీడువారైనను బొబ్బిలివారైనను మైనముమీద ఇరువదినాలుగు మెట్లను చెవితో నిలుపుదురే గాని లాగరితములతో నిలుపరు. ఆ గీతలను నేను చెరుపలేదు. మీరు దగ్గరకు వచ్చి చూచిన, నాలుగవ గీతకు ఇవతల మా తమ్ముడు పెన్సిలుతో పెట్టుకొన్న చుక్క కనబడును.

ఇది వీణకు సాటి యని నేను చెప్పను. తంత్రిని లాగినప్పుడు వచ్చు ఆ బరువు ఇందులేదు. స్ఫురితము, జంటస్వరములు స్పష్టముగ రావు. కడ్డీ జారుటయే యెరుగును, ఎగిరి దూకుట యెరుగదు. మొదటి నెలలో వాడు రెండుమార్లు విసుగెత్తి దీనిని మంచము క్రిందికి త్రోసెను. తనకు వచ్చిన వర్ణములలో సగము దీనికి ఒదుగవనెను. నేనేమి చెప్పగలను? ఒదిగిన సగమును మాత్రము వాడు ప్రతిదినము తెల్లవారుజామున సాధన చేయుచున్నాడు. కడచిన సరస్వతీపూజకు తీసిన దుప్పటిని మరల వీణపై కప్పలేదు. మా మరదలు దానిని ఉతికి మడచి పెట్టెలో పెట్టినది.

జమాఖర్చు చెప్పనిదే నాకు తృప్తి లేదు. తెగిన తీగతో సహా ఖర్చు 4,260 రూపాయలు. అందు సగమునకు పైగా బిరడలకును తంత్రులకును పోయినది. మైకుసెట్టు భజనమండలి వారిది, అద్దె లేదు.

మా తమ్ముడు ఇప్పుడు మీ ముందు కళ్యాణిలో కొంతసేపు వాయించును. కార్యదర్శిగారికి ఒక మనవి. ఈ వేదికమీది ట్యూబులైటును, పంకాను దయచేసి ఆపింపవలెను; వాని రొద తంత్రులలో వినబడును. కిటికీ తలుపులు తెరచిన చాలును, వెలుతురు ఇంకను ఉన్నది.