ఎగుమతి ఎంత, సంపాదన ఎంత?



మా మాస్టారు బోర్డు మీద అంకె వేస్తే, పక్కన అది దేని కొలతో రాసేదాకా సుద్దముక్క కింద పెట్టేవారు కారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని అడిగినప్పుడు, తెలంగాణలో ఆ పక్క మాట లేకుండా తిరుగుతున్న అంకె ఏదని ఆలోచించాను. పెద్దగా వెతకనక్కర్లేదు, ఐటీ ఎగుమతులే.

రాష్ట్ర ప్రభుత్వ లెక్కల్లో అవి 2013-14లో 57,258 కోట్ల రూపాయలు, 2022-23లో 2,41,275 కోట్లు. ఆ రెండో ఏడాది రాష్ట్ర స్థూల ఉత్పత్తి సుమారు 13 లక్షల కోట్లు. ఈ ఉత్పత్తితో ఆ ఎగుమతిని భాగించి, "రాష్ట్ర సంపదలో ఐటీ వాటా 18 శాతం" అనేయడం చాలా తేలిక. కానీ పైన ఉన్నది అమ్మకం, కింద ఉన్నది జోడించిన విలువ. ఇడ్లీబండి గల్లాపెట్టెలో పడిందంతా బండివాడి సంపాదన కాదు కదా, పప్పు ఖర్చు, గ్యాసు ఖర్చు పోవాలి. ఐటీ కంపెనీకీ ఆఫీసు అద్దె, కరెంటు, క్లౌడ్ ఛార్జీలు, లైసెన్సులు, సబ్‌కాంట్రాక్టర్ల బిల్లులు తీసేశాక మిగిలేదే లెక్క. పోనీ ఎగుమతి అంకె పూర్తిదా అంటే అదీ కాదు. మన బ్యాంకులకూ ప్రభుత్వ శాఖలకూ చేసిన పని అందులోకి రాదు.

అసలు ఆ అంకె పుట్టుకే వేరు. ఎగుమతిదారు సాఫ్టెక్స్ ఫారం నింపుతాడు. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థో, సెజ్ అధికారులో దాన్ని ధ్రువీకరిస్తారు. దేశానికి రావలసిన విదేశీ మారకం వచ్చిందా లేదా చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటది. ఉత్పత్తిని కొలవమని దాన్నెవరూ అడగలేదు. పైగా డాలరు సగటున 60 రూపాయలున్న ఏడాదినీ 80 ఉన్న ఏడాదినీ పక్కపక్కన పెట్టి నాలుగు రెట్లు పెరిగామంటున్నాం. డాలర్లలో చూస్తే పెరుగుదల మూడు రెట్లకు కాస్త పైన.

సరే, స్థూల ఉత్పత్తి పట్టికలోనే వెతుకుదామంటే అక్కడ ఐటీకి సొంత వరసే లేదు. "రియల్ ఎస్టేట్, నివాస గృహాల యాజమాన్యం, వృత్తి సేవలు" అనే వరసలో కలిసిపోయి ఉంటుంది. మణికొండలో సొంత ఫ్లాటున్న ఇంజనీరు ఆఫీసులో రాసే కోడూ, తన ఇంటికి తాను కట్టుకున్నట్టు లెక్కవేసే ఊహా అద్దె కూడా ఒకే గంపలో పడతాయి. కంపెనీలు ఖాతాలు ఇచ్చేది దేశం మొత్తానికి. బెంగళూరులో రిజిస్టరై మాదాపూర్‌లో వేలమందితో నడిచే కంపెనీ విలువలో మన వంతెంతో సూచికలతో పంచి చెప్పాల్సిందే.

ఖాతాల మీద ఎంత ఆధారపడాలన్న దానికి మన ఊళ్లోనే పాఠం ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖ ప్రకారం, 2008 సెప్టెంబరు త్రైమాసికానికి చూపిన రాబడి 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. తీసివేత చేసి చూడండి. రెండు చోట్లా తేడా 588 కోట్లే. లేని ఇన్‌వాయిస్‌కు ఖర్చేముంటుంది? జీతాలు నిజం, కరెంటు బిల్లు నిజం. అందుకే దొంగ రాబడిలో ప్రతి రూపాయీ నేరుగా జోడించిన విలువలోకే చేరింది. అమ్మకాల్లో 28 శాతం తప్పు, లాభంలో పది రెట్ల తప్పయింది. అంటే అమ్మకం వదిలి విలువ కొలిస్తే సరిపోతుందనుకునే మాలాంటివాళ్లకు ఇది చెంపపెట్టు. మోసం అంతా చేరే చోటు మనం కొలవాలంటున్న చోటే.

ఖాతాలు నిజాయితీగా ఉన్నా చిక్కు తీరదు. విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రాలు బయట మార్కెట్లో ఏమీ అమ్మవు. ఖర్చు మీద ఇంత శాతం కలిపి మాతృసంస్థకు బిల్లు వేస్తాయి. ఇంజనీర్లకు జీతాలు పెంచితే రాష్ట్ర ఉత్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది. అదే బృందం అదే జీతానికి రెట్టింపు పని చేస్తే ఆ పెరుగుదల అమెరికాలోని పుస్తకాల్లో తేలుతుంది, మన దగ్గర ఒక్క రూపాయీ కదలదు.

అందుకే నేననేది, జీతాల వైపునుంచి మొదలుపెట్టండి. ఈ రంగం జోడించే విలువలో పెద్ద భాగం జీతాలే. అవి ఎక్కడ ఇచ్చారో తెలుస్తుంది, ఎవరికిచ్చారో తెలుస్తుంది. వృత్తి పన్ను వసూలు చేసేది రాష్ట్రమే. నెలకు 20,000 దాటితే అందరికీ అదే 200 రూపాయలు కాబట్టి జీతమెంతో అది చెప్పదు గాని, తలలు లెక్కపెట్టి ఇస్తుంది. మిగతాదానికి సర్వే కావాలి. ఫ్యాక్టరీలకు వార్షిక పరిశ్రమల సర్వే దశాబ్దాలుగా ఉంది. అలాంటిదే ఇక్కడ, కంపెనీ వారీగా కాక పనిచేసే చోటు వారీగా జరగాలి. జీతాలెంత, బయటనుంచి కొన్నదెంత, అమ్మింది సొంత సంస్థకా పరాయివాళ్లకా అని అడగాలి. వచ్చే అంకె ఇప్పటి ఎగుమతి అంకె కంటే చిన్నదిగా ఉంటుందని నా అంచనా. బడ్జెట్ ప్రసంగం రాసేవాళ్లకు అది రుచించకపోవచ్చు. అయినా ఆ సర్వే పని ఆర్థిక గణాంక శాఖకే అప్పగించాలి, ఐటీ శాఖకు కాదు.