పిల్లల దగ్గరికి నడిచిన బడి

 

మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో 1945లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ పసిపిల్లల బడి పెట్టారు. భావ్‌నగర్‌లో బాలవిద్యావేత్త గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసిన తారాబాయికి పిల్లలకు నేర్పడం కొత్తేమీ కాదు. అయినా పేదవాడల పిల్లలు రాలేదు. దాంతో ఆమె బడినే వాళ్ల ముంగిళ్లకు తీసుకెళ్లారు. అంగన్‌వాడీ అలా పుట్టింది.

తర్వాత వాళ్ల సంస్థ కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడి వార్లీ గిరిజన పిల్లలు పశువులు కాయడానికి పోతుంటే బడి కూడా వాళ్ల వెంట బీళ్లలోకి నడిచింది. ఖరీదైన బోధన సామగ్రికి బదులు గింజలు, ఆకులు, గులకరాళ్లు వచ్చాయి.

1975 అక్టోబరు 2న కేంద్రం 33 బ్లాకుల్లో, అంగన్‌వాడీల ద్వారా నడిచే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టింది. ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి.

మన తెలుగునాట అంగన్‌వాడీల్లో మధ్యాహ్నం గుడ్డు పెట్టే వేళ చూడాలి. నాలుగేళ్ల పిల్ల పెంకు ఒలవబోతుంది. పొర అతుక్కుని ఓ పట్టాన ఊడిరాదు. ఆయా లాక్కుని క్షణంలో ఒలిచి ఇవ్వగలదు, అవతల ఇంకా బోలెడుమంది తినాలి. కానీ ఆమె ఆగి, "ఈ పక్కన నొక్కి చూడమ్మా" అంటే పిల్ల వేళ్లకు పట్టు చిక్కుతుంది. పెంకు, పొర, సొన అనే మాటలు నోటికొస్తాయి. తన పని తాను చేసుకోగలనన్న ధైర్యం వస్తుంది. పలక మీద దిద్దించి తెప్పించలేని ధైర్యం అది.

ఇలాంటి ఓపికకు ఎప్పుడూ విలువుంది. రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో 1907లో బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, ముక్కు ఎలా చీదుకోవాలో ఓసారి చేసి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారట. చీమిడి ముక్కని తిట్లు తినే పిల్లలకు కసరకుండా నేర్పే మనిషి దొరికింది మరి!

మన తల్లిదండ్రుల ఆరాటం వేరు. మూడేళ్లకే ఏబీసీడీలు రాయాలి, హోంవర్క్ ఉండాలి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. ఆ మాట చూపించి పసివేళ్లకు పెన్సిల్ అంటగట్టడం అన్యాయం. ఆ వయసుకు కావలసింది కబుర్లు, పాటలు, మట్టి, ఆట.

శిశు వికాస శాస్త్ర పట్టభద్రులారా, మీలో కొందరు అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, శిశు అభివృద్ధి పథకం అధికారులు (సీడీపీవోలు) అవుతారు. తనిఖీకి వెళ్తే రిజిస్టర్ తెరిచే ముందు పిల్లలతో చాప మీద కూర్చోండి. టీచరమ్మ సమయాన్ని రాతకోతలు మింగేస్తుంటే పైవాళ్లకు గట్టిగా చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి జీతాలు పెంచాలని 42 రోజులు సమ్మె చేసింది ఈ టీచర్లు, ఆయాలే. వాళ్ల జీతాల మాట వచ్చినప్పుడు వాళ్ల పక్షాన నిలబడండి.