వెలుగు జమాఖర్చు



భాగవత దశమస్కంధమున ఉషాకన్య స్వప్నమందు గాంచిన యువకుని పోల్చుటకై, చెలికత్తె చిత్రరేఖ ఎందఱో వీరుల రూపములను వ్రాసి చూపెను. అనిరుద్ధుని చిత్రము కంటబడగనే ఉష సిగ్గున తల వంచుకొనెను. మనిషిని పోల్చుకొనుటయే చిత్రమునకు ప్రథమ ప్రయోజనమని ఈ కథ తెలుపుచున్నది. నేడు ఇంటింటను సెల్‌ఫోను కలదు. అందు కెమెరాయును కలదు. ఐనను తాత గతించిన పిమ్మట గోడకు తగిలించుటకు పటము లేక, గుర్తింపుకార్డుమీది చిన్నబొమ్మను పెద్దది చేయించుకొనువారు పల్లెలలో నింకను కలరు. కెమెరా యుండుట వేఱు, ఛాయాచిత్రణ మెఱుగుట వేఱు.

ఈ విద్య యంతయు వెలుగు జమాఖర్చు. వెలుగు ప్రవేశించు ద్వారము అపెర్చరు. అది యెంతసేపు పడవలెనో నిర్ణయించునది షట్టరు. వచ్చినదానిని ఎంత హెచ్చింపవలెనో చెప్పునది ఐ.ఎస్.ఓ. ఒకదానిని ఒక మెట్టు పెంచినచో, మఱియొకదానిని ఒక మెట్టు తగ్గించినగాని పద్దు సరిపడదు. ద్వారమును ఎఫ్ 8 నుండి ఎఫ్ 5.6కు తెఱచినచో వెలుగు రెట్టింపగును. అప్పుడు కాలమును సెకనులో 125వ వంతునుండి 250వ వంతుకు తగ్గింపవలెను. కాలము దీర్ఘమైనచో పరుగిడు లేగదూడ చారవలె సాగును. ఐ.ఎస్.ఓ. మితిమీఱినచో చీకటి తావులందు ఇసుక చల్లినట్లుండును. సెల్‌ఫోనులలో చాలవఱకు ద్వారము మార్పరానిది. తక్కిన రెండింటిని యంత్రమే సరిచూచుకొనును.

కాని యంత్రమునకు తెలిసినది సగటు లెక్క మాత్రమే. సున్నము వేసిన గోడకడ తెల్లని ధోవతి, తలపాగ ధరించిన రైతును నిలిపినచో, అది వెలుగు హెచ్చినదని భ్రమించి తెలుపును బూడిదగా, ముఖమును నల్లగా చేయును. నల్లని బఱ్ఱె తెరనిండ నున్నచో, వెలుగు చాలదని తలచి నలుపును బూడిదగా మార్చును. కావున పెక్కు ఫోనులలో ముఖముమీద వ్రేలు మోపినంతనే కనబడు సూర్యుని గుర్తును రైతు విషయమున పైకి, బఱ్ఱె విషయమున క్రిందికి జరుపవలెను. మిట్టమధ్యాహ్నపు టెండ కన్నులక్రింద నీడలు పఱచును. అట్టివేళ పెద్దలను అరుగుమీది నీడలో కూర్చుండబెట్టుట మేలు.

వయసు మీఱినదని వెనుదీయ నక్కఱలేదు. 1844లో సర్ధనాలో జన్మించిన లాలా దీనదయాళ్ ఇండోరు ప్రజాపనులశాఖలో అంచనాలు వ్రాయు ఉద్యోగిగా నుండి, ముప్పదియేండ్ల ప్రాయమున ఈ విద్య చేపట్టెను. తరువాత సికిందరాబాదున స్టూడియో నెలకొల్పి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదమును బడసెను. ఆయన కాలమున ప్రతి పటమునకు ఒక గాజుపలక. తప్పునకు వెల చెల్లింపవలసినదే. 1975లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరా 10,000 బిందువుల చిత్రమును క్యాసెట్టు టేపుపై నెక్కించుటకు 23 సెకనులు పట్టెను. నేడు తప్పునకు వెల లేదు. వెల లేని తప్పు పాఠమును చెప్పదు, దానిని పరిశీలించినగాని. నాదర్‌గుల్ మైదానమున విమానము నడుప నేర్చినవారు ఒకే చుట్టును మరల మరల తిరిగిరి. అట్లే ఒకే కడవను, ఒకే చోట, ప్రతిసారి ఒక్క అంశమును మాత్రమే మార్చి పదిమార్లు తీసి, ఫలితమును పుస్తకమున వ్రాసికొనవలెను.

గ్రామము చుట్టును పొలములు ప్లాట్లగుచున్నవి. ఆ పొలములను దున్నిన వృద్ధులును ఒక్కొక్కరే రాలిపోవుచున్నారు. నేర్చినవారు వారి ముఖములను, బావులను, చెట్లను మొదట తీయవలెను. డిజిటల్ చిత్రము అంకెల సమూహము. ఫోను చెడినచో దానితోడనే నశించును. కావున ఒక ప్రతి ఇంటను, మఱియొక ప్రతి గ్రంథాలయమునను నిలుపవలెను. పేరు, చోటు, తేదీ వ్రాయుట మఱువరాదు. పేరు లేని పటము ముప్పదియేండ్లకు ఎవరిదో తెలియని పటమగును. అప్పుడు చూపుటకు చిత్రరేఖ యున్నను, పోల్చుటకు ఉష యుండదు.