ఓపెన్ సోర్స్ చెరువు దగ్గరికి మనమూ వెళ్దాం

(ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల అంబేద్కర్ స్టడీ సర్కిల్ సమావేశంలో పరిశోధక విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులోనే రాసి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటాం. లినక్స్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ ఆ కోవలోవే. వాటిని మనం రోజూ వాడుతున్నాం. వాటిని తయారుచేసే వాళ్లలో మనం ఎంతమందిమి ఉన్నాం? ఆ పనికి కంప్యూటర్‌ను సిద్ధం చేసుకునే మొదటి మెట్టు దగ్గరే మన పిల్లలు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఈ రోజు ఆ మెట్టు గురించే మాట్లాడతాను.

ముందు మహాడ్‌ను గుర్తు చేసుకుందాం. ప్రభుత్వ డబ్బుతో కట్టిన, నడిచే బావులు, నీటి రేవులు, బడులు అంటరానివారికీ అందాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. నీళ్లు మాత్రం మనవాళ్లకు అందలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టారు. ఆ తర్వాత కూడా దాడులు, చెరువు ‘శుద్ధి’, కోర్టు కేసు. హైకోర్టు తీర్పు 1937లో గానీ రాలేదు.

ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా కాగితం మీది తీర్మానమే. ఇక్కడ కర్రలు పట్టుకుని ఎవరూ నిలబడరు, కులం అడగరు. పోలిక అక్కడితో సరి. కానీ చెరువు దాకా నడవాల్సిన దారి ఒకటి ఇక్కడా ఉంది. దాన్ని సెటప్ అంటారు. ఆ దారికి ఖర్చుంది.

ఫైర్‌ఫాక్స్‌నే తీసుకోండి. లినక్స్ మీద దాన్ని మన దగ్గరే తయారుచేసుకోవాలంటే కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి, 8 జీబీ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది, డిస్కులో 30 జీబీ ఖాళీ ఉండాలి అని వాళ్ల సూచనల్లోనే ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో మొత్తం కంపైల్ చేయడానికి గంటలు పడుతుంది. కొత్త ల్యాప్‌టాప్, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, అడిగితే చెప్పే ఇంజనీర్ అన్నయ్య ఉన్నవాడికి ఇది ఒక సాయంత్రం పని. మనకు ఒక నెల. ఆ నెలలో సగంమంది ‘ఇది మనవల్ల కాదులే’ అనుకుని వెళ్లిపోతారు. ఎవరూ వాళ్లను వెళ్లమనలేదు. అందుకే ఈ వెళ్లిపోవడం ఏ లెక్కలోనూ కనబడదు.

నేను మొదటిసారి ఒక పెద్ద ప్రాజెక్టు కోడ్ దించుకున్నప్పుడు నా దగ్గర ఉన్నది 4 జీబీ సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. హాస్టల్ వైఫై రాత్రి పదకొండు దాటాకే కాస్త అందేది. కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే పనిముట్టు గిట్. దాంతో కోడ్ దించుకోవడాన్ని క్లోన్ అంటారు. క్లోన్ మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచి మొదలవదు, మళ్లీ సున్నా నుంచే. ఆ పనిముట్టును తయారుచేసిన వాళ్లకు మన మీద కోపమేమీ లేదు. నెట్ తెగిపోయే హాస్టల్ వాళ్ల ఊహలో లేదు, అంతే.

దాటే దారులున్నాయి, రాసుకోండి.

ఒకటి, చరిత్ర అంతా దించుకోకండి. క్లోన్ చేసేటప్పుడు ‘డెప్త్ 1’ అని చెబితే తాజా కోడ్ మాత్రమే వస్తుంది.

రెండు, గిట్‌లో ‘బండిల్’ అనే ఆదేశం ఉంది. మనలో ఒక్కరు మొత్తం దించుకుని, ఒకే ఫైలుగా మూటకట్టి, పెన్‌డ్రైవ్‌లో పదిమందికి ఇవ్వొచ్చు. మిగతావాళ్లు ఆ మూట నుంచి క్లోన్ చేసుకుని, తర్వాత వచ్చిన మార్పులు మాత్రమే నెట్ నుంచి తెచ్చుకుంటారు.

మూడు, ఫైర్‌ఫాక్స్‌లో బూట్‌స్ట్రాప్ ఆదేశం కావలసిన పనిముట్లన్నీ తనే పెడుతుంది. ఏ రకం బిల్డ్ కావాలని అడిగినప్పుడు ‘ఆర్టిఫాక్ట్ మోడ్’ ఎంచుకోండి. సీ ప్లస్ ప్లస్, రస్ట్ భాగాలు ముందే తయారై వస్తాయి. జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ మీద మనం పని చేసుకోవచ్చు. మొదటి పనికి బగ్జిల్లాలో ‘గుడ్ ఫస్ట్ బగ్’ అని గుర్తు పెట్టినవి వెతకండి.

నాలుగు, ఎక్కడ ఆగారో, ఏ ఎర్రర్ వచ్చిందో, ఎలా పోయిందో నోట్‌బుక్‌లో రాయండి. సెటప్ సూచనల్లో లేని ఆ ఒక్క వాక్యాన్ని చేర్చమని పంపితే అదే మీ మొదటి కంట్రిబ్యూషన్. పాత ల్యాప్‌టాప్‌లో ఏం జరుగుతుందో మనకంటే బాగా చెప్పగలిగేదెవరు?

మొజిల్లాకు పాంటూన్ అనే అనువాద వేదిక ఉంది. దానికి బ్రౌజర్ చాలు. తెలుగు బాగా వచ్చినవాళ్లు రేపే మొదలుపెట్టొచ్చు. కానీ అనువాదం మనది, కోడ్ వాళ్లది అనే పంపకానికి మాత్రం ఒప్పుకోవద్దు. పనుల్ని అంతస్తులుగా పేర్చి, మనల్ని కింది అంతస్తులో ఉంచడం మనకు బాగా తెలిసిన కథే.

ఇప్పుడు పేరు సంగతి. మొదటిసారి వాడేటప్పుడు గిట్ మన పేరు, మెయిల్ అడుగుతుంది. మనం చేసే ప్రతి మార్పు మీదా ఆ పేరు నిలిచిపోతుంది. తర్వాత దాన్ని మార్చాలంటే అక్కడి నుంచి చరిత్రంతా తిరగరాయాలి. ఒక తమ్ముడు ఆ ప్రశ్న దగ్గర ఆగి, “అక్కా, ఇంటిపేరు కూడా రాయాలా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఈ గదిలో ఎవరికీ వివరించక్కర్లేదు. గిట్‌కు ఇంటిపేరుతో పనిలేదు, ఏ పేరిస్తే అదే రాసుకుంటుంది. ఏ పేరుతో నిలబడాలో నువ్వే నిర్ణయించుకో, ఎవరికో భయపడి మాత్రం వద్దు అన్నాను.

కానీ ఇంటిపేరు గడి నింపితే తప్ప ముందుకు పోనివ్వని ఫారాలు ఎన్ని లేవు! ఆ గడి ఎవరిని గుచ్చుతుందో దాన్ని రాసినవాడికి తెలియదు. చెప్పడానికి అక్కడ మనం లేము. 2018లో పైథాన్ తన కోడ్‌లో చాలాచోట్ల ‘మాస్టర్’, ‘స్లేవ్’ మాటలు తీసేసింది. అమెరికాలో నల్లజాతి ప్రజలు వీధుల్లోకి వచ్చిన 2020లో, కొత్త కోడ్‌లో ఆ మాటలు వాడొద్దని లినక్స్ కెర్నెల్ తన నియమాల్లో రాసుకుంది. మాటలు మారితే బతుకులు మారిపోవు, నిజమే. కానీ పెట్టినవాళ్లు అడిగితే మార్చుకుంటారు. అడగాలంటే ముందు లోపల ఉండాలి.

మీరు పంపిన ప్యాచ్‌ను రివ్యూవర్ వెనక్కి పంపొచ్చు. వైవాల్లో, ఇంటర్వ్యూల్లో తిన్న దెబ్బల వల్ల మనకు ఆ ‘వద్దు’ వేరేలా వినిపిస్తుంది. చాలాసార్లు అది పని గురించి చెప్పిన మాటే. నిజంగా అవమానమే అయితే, చాలా ప్రాజెక్టులకు ప్రవర్తనా నియమావళి ఉంది, దాని ప్రకారం ఫిర్యాదు చేయొచ్చు. ఏది ఏదో ఒంటరిగా తేల్చుకోవడం కష్టం. పక్కన ఇంకొకరు ఉండాలి.

అందుకే నా ప్రతిపాదన చిన్నది. శనివారం సాయంత్రం ఇదే గదికి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తీసుకుని రండి, లేనివాళ్లు ఊరికే రండి. ఇద్దరికి ఒక యంత్రం చాలు. మూట ఉన్న పెన్‌డ్రైవ్ నేను తెస్తాను. పని మొదలయ్యే దాకా ఎవరినీ ఒంటరిగా వదలం. సెటప్ పూర్తయినవాళ్లు మరుసటి వారం ఇంకొకరికి చేసి పెట్టాలి. అదే ఫీజు.

జై భీమ్.